రెండు కొసల ఒప్పందం: డిజిటల్ లైను పరికరాల్లో డిప్ స్విచ్‌ల అమరిక

డిజిటల్ టెలికాం లైను కొసన ఉండే పరికరానికి ఆ లైను స్వభావం ముందే తెలియాలి. తీగ ఏ రకానిది, దాని మీద బిట్లు ఏ రూపంలో వస్తాయి, వచ్చిన బిట్లను ఎక్కడెక్కడ విడదీయాలి, కాలాన్ని ఎవరి దగ్గర తీసుకోవాలి అన్న నాలుగు సంగతులు తెలియనంతవరకు కరెంటు ఉన్నా, కేబుల్ తగిలించినా ఆ పరికరం పని మొదలుపెట్టదు. వీటిని దానికి తెలపడానికి సర్క్యూట్ బోర్డు మీద అమర్చే చిన్న మీటల వరుసే డిప్ స్విచ్. ఒక్కో వరుసలో నాలుగో, ఎనిమిదో, పదో మీటలు ఉంటాయి. ఒక్కో మీటకు రెండే స్థానాలు: ఆన్, ఆఫ్.

కర్నూలు, కడప ప్రాంతంలో ఇలాంటి పరికరాలు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లోనూ, లీజు లైన్లు తీసుకున్న కార్యాలయాల్లోనూ, రైల్వే స్టేషన్లలోనూ, విద్యుత్ సబ్‌స్టేషన్లలోనూ పనిచేస్తూ వచ్చాయి. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు రోడ్డు దారి దాదాపు 200 కిలోమీటర్లు. నడుమ నల్లమల అంచులు, కుందూ లోయ, రాతి నేలలు. ఇంత దూరం సాగే లైనులో ఒక కొసన ఒక్క మీట తప్పుగా ఉన్నా రెండు కొసలూ ఆగిపోతాయి. సాంకేతిక సిబ్బంది లేని చోట ఆ మీట ఉంటే, దాన్ని జరపడం కోసమే ఒక మనిషి బయలుదేరాల్సి వస్తుంది. కాబట్టి ఏ మీట ఏ పని చేస్తుందో, ఎందుకు చేస్తుందో తెలుసుకుని అమర్చడం ఈ వృత్తిలో మొదటి పాఠం.

రెండు మెగాబిట్ల లైను

మాటను అంకెలుగా మార్చి పంపే పద్ధతిని, అంటే పల్స్ కోడ్ మాడ్యులేషన్‌ను, బ్రిటిష్ ఇంజినీరు అలెక్ రీవ్స్ 1937లో పారిస్‌లో పనిచేస్తున్నప్పుడు రూపొందించాడు. ఆ ఆలోచన వ్యాపార స్థాయిలో లైన్ల మీదికి రావడానికి ట్రాన్సిస్టర్ల కాలం రావాల్సి వచ్చింది. 1962లో అమెరికాలో బెల్ సంస్థ టీ1 అనే లైనును వాడుకలోకి తెచ్చింది. అందులో ఒకేసారి 24 సంభాషణలు సాగేవి. యూరప్ దేశాలు 30 సంభాషణలు పట్టే ఈ1 లైనును ఎంచుకున్నాయి. భారతదేశం కూడా ఈ1 దారినే పట్టింది.

ఈ1 లెక్క సులువైనది. మనిషి గొంతును సెకనుకు 8,000 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తారు. అంటే ఒక సంభాషణకు సెకనుకు 64,000 బిట్లు. ఇలాంటి 32 వరుసలను ఒకదాని తరువాత ఒకటిగా పేరిస్తే ఒక ఫ్రేము అవుతుంది. ఒక ఫ్రేములో 256 బిట్లు ఉంటాయి, దాని నిడివి 125 మైక్రోసెకన్లు. సెకనుకు 8,000 ఫ్రేములు కాబట్టి మొత్తం వేగం సెకనుకు 20,48,000 బిట్లు. అందుకే సిబ్బంది మాటల్లో ఇది 'రెండు మెగాబిట్ల లైను' లేదా 'టూ ఎంబీ'. ఫ్రేములో ఒక్కో వరుసకు దక్కే 8 బిట్ల చోటే స్లాటు. 32 స్లాట్లలో సున్నా స్లాటు ఫ్రేము మొదలును గుర్తించడానికి, 16వ స్లాటు ఫోను మోగడం, ఎత్తడం, పెట్టేయడం వంటి సంకేతాలకు పోతాయి. మిగిలిన 30 మాటలకు.

కర్నూలు, కడపల మధ్య ఆప్టికల్ ఫైబరులో వెలుగు ఒక కిలోమీటరు దాటడానికి దాదాపు 5 మైక్రోసెకన్లు పడుతుంది. ఫైబరు పొడవు 200 కిలోమీటర్లయితే ఒక మిల్లీసెకను. అంటే ఏ క్షణంలో చూసినా ఒక్కో దిశలో ఎనిమిది ఫ్రేములు, 2,048 బిట్లు దారిలో ప్రయాణిస్తూనే ఉంటాయి. అటు కొసన ఉన్న పరికరం వాటిని ఒక్కొక్కటిగా సరైన గదిలో పడేలా అందుకోవాలి.

1984లో ఏర్పడిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ రూపొందించిన ఎక్స్ఛేంజీలు, తరువాత వచ్చిన పెద్ద డిజిటల్ ఎక్స్ఛేంజీలు ఒకదానితో ఒకటి ఈ1 లైన్లతోనే మాట్లాడుకున్నాయి. 2000 అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ పని మొదలుపెట్టే నాటికి 08518 కోడున్న కర్నూలు నుంచి 08562 కోడున్న కడపకు ఎస్టీడీ చేసే మనిషి గొంతు ఏదో ఒక ఈ1లోని ఏదో ఒక స్లాటులో కూర్చునే వెళ్లేది. రాష్ట్ర సచివాలయాన్ని జిల్లా కేంద్రాలతో కలిపిన ఏపీ స్వాన్ నెట్‌వర్కుకూ తొలి దశలో రెండు మెగాబిట్ల లైన్లే ఆధారం.

మీట నిర్మాణం

డిప్ స్విచ్ అడుగున రెండు వరుసల కాళ్లుంటాయి. కాలికీ కాలికీ నడుమ దూరం 2.54 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో పదో వంతు. పాత ఐసీ చిప్పుల కొలతా ఇదే కాబట్టి చిప్పు పట్టే చోటే స్విచ్ కూడా పడుతుంది. మీటలు మూడు రకాలు: పక్కకు జరిపేవి, ఊయెలలా అటో ఇటో నొక్కేవి, బోర్డు అంచున పియానో మెట్లలా పైకీ కిందికీ కదిలేవి. ర్యాకులో బిగించిన కార్డును బయటికి లాగకుండానే అందుతాయి కాబట్టి టెలికాం కార్డుల్లో మూడో రకం తరచు కనిపిస్తుంది.

స్విచ్ మీద ముద్రించిన గుర్తులను జాగ్రత్తగా చదవాలి. కొన్నిటి మీద 'ఆన్' అని, కొన్నిటి మీద 'ఓపెన్' అని ఉంటుంది. ఓపెన్ అంటే వలయం తెరిచి ఉందని, అంటే ఆఫ్ అని అర్థం. ఈ రెండింటినీ ఒకటిగా భావించి అమర్చితే వరుసంతా తలకిందులవుతుంది. లోపలి వలయం సాధారణంగా ఇలా ఉంటుంది: మీట ఆఫ్‌లో ఉన్నప్పుడు ఒక రెసిస్టరు ఆ గీతను సరఫరా వోల్టేజికి లాగి ఉంచుతుంది, ప్రాసెసరు దాన్ని ఒకటిగా చదువుతుంది, మీటను ఆన్ చేస్తే గీత నేలకు కలిసి సున్నా అవుతుంది. అందువల్ల 'ఆన్ అంటే ఒకటి' అన్న ఊహ ప్రతి పరికరానికీ పొసగదు. ఆ పరికరంతో వచ్చిన పుస్తకంలోని పట్టికే ప్రమాణం.

చాలా పరికరాలు మీటల స్థానాలను కరెంటు వచ్చిన క్షణంలో ఒక్కసారే చదువుతాయి. పని చేస్తుండగా మీటను జరిపితే ఏ మార్పూ కనిపించదు. తరువాత ఎప్పుడో కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ కొత్త అమరిక అమలులోకి వచ్చి లైను ఆగిపోతుంది. మీట జరిపిన రోజుకూ లైను ఆగిన రోజుకూ నడుమ నెలలు గడిచిపోవచ్చు, కారణం ఎవరికీ తట్టదు. మీటను మార్చిన వెంటనే పరికరాన్ని ఒకసారి ఆపి తిరిగి వెలిగించడం ఇందుకే నియమమైంది.

మీటను జరపడానికి సన్నని స్క్రూడ్రైవరు గాని, ప్లాస్టిక్ పుల్ల గాని వాడాలి. పెన్సిలు మొన వాడకూడదు. దానిలోని గ్రాఫైటు విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, దాని పొడి మీట సందులో పడితే తప్పుడు కలయికలు ఏర్పడతాయి. ఎండాకాలంలో గాలిదుమ్ము లేచే ప్రాంతాల్లో, ఏళ్ల తరబడి కదలని మీటల కలయిక స్థానాల మీద సన్నని పొర పేరుకుంటుంది. అలాంటి మీటను నాలుగైదు సార్లు అటూ ఇటూ జరిపి, చివరికి కావలసిన స్థానంలో ఉంచితే ఆ రాపిడికే పొర తొలగుతుంది.

మొదటి అమరిక: ఇంపిడెన్స్

ఇంపిడెన్స్ అంటే మారుతూ ఉండే సంకేతానికి తీగ చూపే విద్యుత్ అడ్డు, దాన్ని ఓంలలో కొలుస్తారు. జి.703 అనే అంతర్జాతీయ ప్రమాణం ఈ1కు రెండు రకాల తీగలను అనుమతిస్తుంది. ఒకటి 75 ఓంల కోయాక్సియల్ కేబుల్. పంపడానికి ఒకటి, అందుకోవడానికి ఒకటి. దాని మీద పల్స్ ఎత్తు 2.37 వోల్టులు. రెండోది 120 ఓంల మెలితిప్పిన జంట తీగ. దాని మీద పల్స్ ఎత్తు 3 వోల్టులు. ఒకే పరికరం రెండు చోట్లా పనికిరావాలని తయారీదారులు రెండు రకాల సాకెట్లూ పెట్టి, ఏది వాడుతున్నారో చెప్పడానికి మీటలు అమరుస్తారు.

తీగ ఇంపిడెన్సూ పరికరం ఇంపిడెన్సూ కలవకపోతే వచ్చిన పల్స్‌లో కొంత వెనక్కి తిరుగుతుంది. 75 ఓంల తీగను 120 ఓంల పోర్టుకు కలిపితే వోల్టేజిలో దాదాపు 23 శాతం, శక్తిలో 5 శాతానికి పైగా ప్రతిఫలిస్తుంది. గదిలోనే ఉన్న రెండు ర్యాకుల మధ్య రెండు మూడు మీటర్ల తీగ అయితే ఇంత నష్టంతోనూ లైను నడిచిపోతుంది. పచ్చ దీపం వెలుగుతుంది, అంతా సవ్యంగా ఉన్నట్టే తోస్తుంది. తీగ పొడవు పెరిగినప్పుడో, వేడికి పరికరం స్వభావం కాస్త మారినప్పుడో దోషాలు మొదలవుతాయి. దీపం వెలిగినంత మాత్రాన అమరిక సరైనదని నమ్మరాదనడానికి ఇదే మొదటి ఉదాహరణ. 75, 120 ఓంల తీగలను తప్పనిసరిగా కలపవలసిన చోట నడుమ బాలన్ అనే చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెడతారు.

కొన్ని పరికరాల్లో తీగ పొడవును బట్టి మార్చే మీట కూడా ఉంటుంది. మామూలు పోర్టు 1,024 కిలోహెర్ట్జ్ దగ్గర 6 డెసిబెళ్ల వరకు క్షీణించిన సంకేతాన్ని అందుకోగలగాలి. అంతకన్నా దూరం నుంచి వచ్చే బలహీన సంకేతానికి గ్రాహక శక్తి పెంచే స్థానం ఉంటుంది. దగ్గరి లైనుకు దాన్ని వాడితే పక్క తీగల అలికిడిని కూడా పరికరం సంకేతంగా పొరబడుతుంది.

లైన్ కోడు

తీగ మీద ఒకటి అంకెను పల్స్‌గా, సున్నాను పల్స్ లేకపోవడంగా పంపుతారు. వరుసగా వచ్చే ఒకట్లలో ఒకటి ధన పల్స్ అయితే తరువాతిది రుణ పల్స్. దీన్ని ఏఎంఐ అంటారు. తీగ మీద సగటు వోల్టేజి సున్నాగా ఉండడం దీని మేలు. ట్రాన్స్‌ఫార్మర్ల గుండా సంకేతం దాటడానికి అది అవసరం. సున్నాలు వరుసగా వచ్చినప్పుడే చిక్కు. పల్స్ లేని తీగను చూస్తూ ఎన్ని సున్నాలు గడిచాయో లెక్కపెట్టడం అవతలి పరికరానికి కష్టం.

ఆ చిక్కు తీర్చడానికి వచ్చిందే హెచ్‌డీబీ3. వరుసగా నాలుగు సున్నాలు వస్తే వాటి స్థానంలో ఒక ప్రత్యేకమైన గుర్తును పంపుతారు. ఆ గుర్తులో ఒక పల్స్ కావాలనే ధన, రుణ వరుస నియమాన్ని తప్పుతుంది. నియమం తప్పిన పల్స్‌ను చూసి అవతలి పరికరం అక్కడ నాలుగు సున్నాలున్నాయని గ్రహించి వాటిని తిరిగి పెడుతుంది. తీగ మీద మూడుకు మించి సున్నాలు ఎప్పుడూ వరుసగా ఉండవు.

ఒక కొస హెచ్‌డీబీ3లో, మరో కొస ఏఎంఐలో ఉంటే లైను పూర్తిగా చచ్చిపోదు. ఏఎంఐ కొసకు ఆ ప్రత్యేక గుర్తులు లేని ఒకట్లుగా కనిపిస్తాయి. సున్నాలు తక్కువ ఉన్న సమాచారం సాఫీగా సాగుతుంది, సున్నాల గుంపు వచ్చినప్పుడు మాత్రం చెడిపోతుంది. ఒక ఫైలు వెళుతుంది, మరొకటి ఎన్నిసార్లు పంపినా ఆగిపోతుంది. ఈ1 మీద హెచ్‌డీబీ3నే ప్రమాణం కాబట్టి ప్రత్యేక కారణం లేనిదే రెండు కొసలనూ దాని మీదే ఉంచాలి.

ఫ్రేము, సీఆర్‌సీ

సున్నా స్లాటులో ఒక ఫ్రేము విడిచి ఒక ఫ్రేములో 0011011 అనే ఏడు బిట్ల గుర్తు వస్తుంది. పరికరం ప్రవాహంలో ఆ గుర్తును వెతికి పట్టుకుని, అక్కడి నుంచి ఎనిమిదేసి బిట్లుగా లెక్కపెట్టి స్లాట్లను విడదీస్తుంది. జి.704 ప్రమాణం ఈ కూర్పును నిర్దేశిస్తుంది. అయితే అదే ఏడు బిట్ల వరుస ఎవరిదో సమాచారంలో యాదృచ్ఛికంగా పదే పదే రావచ్చు. అప్పుడు పరికరం తప్పుడు చోట ఫ్రేము మొదలైందని అనుకుంటుంది. దీన్ని పసిగట్టడానికి సీఆర్‌సీ-4 తనిఖీ ఉంది. ఎనిమిదేసి ఫ్రేములకు, అంటే ప్రతి మిల్లీసెకనుకు, ఒక నాలుగు బిట్ల తనిఖీ సంఖ్యను పంపుతారు. సెకనుకు 1,000 తనిఖీలు. వాటిలో 915 గాని అంతకు మించి గాని తప్పితే అది తీగ దోషం కాదని, ఫ్రేమునే తప్పుగా పట్టుకున్నామని పరికరం నిర్ణయించి వెతుకులాట మళ్లీ మొదలుపెడుతుంది.

సీఆర్‌సీ మీట ఒక కొసన ఆన్, మరో కొసన ఆఫ్ ఉండడం ఈ1 లైన్లలో తరచు ఎదురయ్యే పొరపాటు. తనిఖీ కోసం ఎదురుచూసే కొస అది రాకపోవడంతో లైనును అంగీకరించదు. తీగ బాగుంటుంది, పల్స్‌లు బాగుంటాయి, ఫ్రేము గుర్తు కూడా కనిపిస్తుంది. అయినా లైను లేవదు.

ఇదే చోట 16వ స్లాటు సంగతి కూడా తేల్చాలి. అది సంకేతాలకు కేటాయించిందా, సమాచారానికి వదిలేయవచ్చా అన్నది ఒక మీట చెబుతుంది. రెండు స్లాట్లు పోతే సెకనుకు 1,920 కిలోబిట్లు మిగులుతాయి. 16వ స్లాటును కూడా వాడుకుంటే 1,984 కిలోబిట్లు. ఫ్రేమే వద్దనుకుంటే మొత్తం 2,048 కిలోబిట్లూ సమాచారానికే దక్కుతాయి, కానీ స్లాట్లుగా విడదీసే వీలు ఉండదు.

స్లాట్ల పంపకం

చిన్న కార్యాలయానికి మొత్తం ఈ1 అక్కరలేదు. కర్నూలులోని ఒక కార్యాలయం కడపకు సెకనుకు 256 కిలోబిట్ల లీజు లైను తీసుకుందని అనుకుంటే దానికి నాలుగు స్లాట్లు చాలు. వాటిని 5 నుంచి 8 వరకు కేటాయించారనుకోవాలి. కొన్ని పరికరాల్లో ఒక్కో స్లాటుకు ఒక్కో మీట ఉంటుంది. ఎనిమిదేసి మీటల నాలుగు వరుసల్లో 5, 6, 7, 8 మీటలను ఆన్ చేస్తే సరిపోతుంది. మరికొన్ని పరికరాలు మొదటి స్లాటు సంఖ్యనూ, మొత్తం స్లాట్ల సంఖ్యనూ ద్విసంఖ్యామానంలో అడుగుతాయి. అయిదు మీటలకు 1, 2, 4, 8, 16 అన్న విలువలుంటాయి. 5 కావాలంటే 1, 4 విలువల మీటలు ఆన్ చేయాలి. స్లాట్ల సంఖ్య 4 కాబట్టి రెండో వరుసలో 4 విలువ ఉన్న ఒక్క మీటే ఆన్. అయిదు మీటలతో 32 అమరికలు వస్తాయి, 32 స్లాట్లకు అవి సరిగ్గా సరిపోతాయి.

నడుమ ఎక్స్ఛేంజీలోని క్రాస్ కనెక్టు యంత్రం స్లాట్లను ఒక ఈ1 నుంచి మరో ఈ1కు మార్చగలదు. కర్నూలులో 5వ స్లాటులో ఎక్కిన సమాచారం కడపలో 17వ స్లాటులో దిగవచ్చు. కాబట్టి రెండు కొసల మీటలూ అచ్చంగా ఒకేలా ఉండాలన్న నియమం ఇక్కడ చెల్లదు. ప్రతి కొసా తన వైపు ఎక్స్ఛేంజీ ఇచ్చిన స్లాటు సంఖ్యలతో సరిపోవాలి. స్లాట్ల లెక్క మాత్రం రెండు వైపులా సమానం కావాలి.

క్లాక్

అన్ని అమరికల్లోనూ ఎక్కువ జాగ్రత్త కోరేది క్లాక్. ఒకే రోట్లో ఇద్దరు రోకళ్లతో దంచేటప్పుడు ఒకరి పోటును చూసుకుని మరొకరు పోటు వేస్తారు. ఇద్దరూ ఎవరి లయలో వారు దంచితే కాసేపటికి రోకళ్లు తగులుకుంటాయి. డిజిటల్ లైను కొసలదీ ఇదే నియమం.

పరికరంలోని క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 20,48,000 సార్లు కొట్టుకోవాలి. ప్రమాణం దానికి పది లక్షలకు 50 వరకు తేడాను అనుమతిస్తుంది. అంటే సెకనుకు దాదాపు 102 బిట్లు ఎక్కువో తక్కువో పోవచ్చు. ఆ తేడాను పరికరం ఒక ఫ్రేము పట్టే తాత్కాలిక నిల్వలో సర్దుకుంటుంది. 256 బిట్ల తేడా పేరుకునేసరికి ఒక ఫ్రేమును వదిలేయడమో, ఒకదాన్ని రెండుసార్లు చదవడమో తప్పదు. దీన్నే స్లిప్ అంటారు. ఒక కొస కచ్చితంగా ఉండి మరో కొస గరిష్ఠ తేడాతో ఉంటే ప్రతి రెండున్నర సెకన్లకు ఒక స్లిప్. రెండు కొసలూ వ్యతిరేక దిశల్లో తప్పితే సెకనుంబావుకు ఒకటి. ఫోను మాటలో స్లిప్ చిన్న టిక్కుమన్న చప్పుడు. ఫ్యాక్స్‌లో చెడిపోయిన గీత. కంప్యూటరు సమాచారంలో తిరిగి పంపవలసిన ప్యాకెట్టు. జాతీయ నెట్‌వర్కుల ప్రధాన క్లాకుల తేడా పది వేల కోట్లలో ఒక వంతుకు మించకూడదు. అలాంటి రెండు క్లాకుల నడుమ స్లిప్ దాదాపు 70 రోజులకు ఒక్కసారి మాత్రమే వస్తుంది.

క్లాక్ మీటలతో సాధారణంగా మూడు అమరికల్లో ఒకదాన్ని ఎంచుకుంటారు. సొంత స్ఫటికాన్ని వాడడం మొదటిది. లైను మీద వచ్చే పల్స్‌ల నుంచే కాలాన్ని వెలికితీయడం రెండోది. వెనక తగిలించిన రౌటరో మరో యంత్రమో ఇచ్చే కాలాన్ని తీసుకోవడం మూడోది. నెట్‌వర్కు గుండా వెళ్లే లీజు లైనులో కాలాన్ని నెట్‌వర్కే ఇస్తుంది కాబట్టి రెండు కొసల పరికరాలనూ లైను క్లాక్‌లో ఉంచాలి. నడుమ ఎవరూ లేకుండా రెండు పరికరాలనే నేరుగా తీగతోనో ఫైబరుతోనో కలిపితే ఒక కొసన సొంత క్లాక్, మరో కొసన లైను క్లాక్ ఉండాలి. అలా కలిపిన చోట రెండింటినీ లైను క్లాక్‌లో పెడితే నడిపించేవారే ఉండరు, వేగం అటూ ఇటూ జారుతుంది. రెండింటినీ సొంత క్లాక్‌లో పెడితే స్లిప్పులు ఆగవు.

స్ఫటికం వేగం ఉష్ణోగ్రతతో మారుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే కర్నూలు, కడపల్లో ఏసీ లేని గదిలోని ర్యాకు లోపలి వేడి ఇంకా ఎక్కువ. క్లాక్ మీట తప్పుగా ఉన్న లైను తెల్లవారుజామున ఒక తీరున, మధ్యాహ్నం మరో తీరున స్లిప్పులు చూపుతుంది. దోషాల సంఖ్య ఎండతోపాటు పెరిగి తగ్గుతుంటే తీగను తిట్టుకునే ముందు క్లాక్ మీటను చూడాలి.

ఎర్తు

కోయాక్సియల్ కేబుల్ బయటి తొడుగును నేలకు కలపాలా వద్దా అన్నది కూడా చాలా పరికరాల్లో ఒక మీటో జంపరో నిర్ణయిస్తుంది. జి.703 ప్రకారం పంపే పోర్టు దగ్గర తొడుగును ఎర్తుకు కలపాలి. అందుకునే పోర్టు దగ్గర అవసరమైతే కలిపే వీలుండాలి. రెండు కొసల్లోనూ కలిపినప్పుడు ఆ రెండు ఎర్తుల నడుమ వోల్టేజి తేడా ఉంటే తొడుగు గుండా కరెంటు పారి సంకేతంలో గుర్రుమనే అలజడి చేరుతుంది. అప్పుడు అందుకునే వైపు మీటను తెరిచి ఉంచుతారు.

రాయలసీమలో ఈ మీటకు ప్రాధాన్యం ఎక్కువ. కడప బండలుగా పేరున్న సున్నపురాయి పొరల మీద మట్టి పలుచన. రాయి, ఎండిన మట్టి రెండూ విద్యుత్తును బాగా అడ్డుకుంటాయి. కుందూ లోయలోని నల్లరేగడి తడిసినప్పుడు మంచి వాహకమే, వేసవిలో అదే నేల నెర్రెలు విచ్చి ఎర్తు కడ్డీకి దూరమవుతుంది. ఒకే ఆవరణలో రెండు గదులకు వేర్వేరు ఎర్తు గుంతలుంటే వానాకాలంలో సమానంగా ఉన్నవి మే నెలలో తేడా చూపుతాయి. బొగ్గు, ఉప్పు వేసిన గుంతలకు ఎండాకాలమంతా నీళ్లు పోయడం, అన్ని ఎర్తులనూ ఒకే రాగి పట్టీకి కలపడం ఈ సమస్యకు అసలు మందు. రాగి తీగ మీద వచ్చే లైన్లకు తొలకరి ముందు ఉరుములు, పిడుగుల కాలంలో రక్షణ ఇచ్చే గ్యాస్ గొట్టాలు కూడా ఆ ఎర్తు మంచిదైతేనే పనిచేస్తాయి. ఎర్తు మీటను ఆన్ చేసినా దాని అవతల సరైన నేల లేకపోతే ఫలితం ఉండదు.

లూపు పరీక్ష

మీటలన్నీ అమర్చాక లైను ఎక్కడి వరకు బాగుందో తెలుసుకోవడానికి లూపు ఇస్తారు. పంపిన బిట్లను ఒక చోట వెనక్కి తిప్పి, తిరిగి వచ్చినవాటిని పోల్చడమే లూపు. మొదట సొంత పరికరం లోపలే తిప్పితే పరికరం ఆరోగ్యం తెలుస్తుంది. తరువాత ఎక్స్ఛేంజీలో డిజిటల్ కేబుళ్లన్నీ వచ్చి కలిసే డీడీఎఫ్ చట్రం దగ్గర తిప్పిస్తే అక్కడి వరకు తీగ సంగతి తేలుతుంది. చివరికి అవతలి కొస పరికరంలో తిప్పితే మొత్తం లైను తెలుస్తుంది. ఇలా అంచెలంచెలుగా వెళితే దోషం ఏ రెండు చోట్ల నడుమ ఉందో బయటపడుతుంది. రెండు మెగాబిట్ల లైనుకు బిట్ ఎర్రర్ టెస్టరు పంపే వరుస 32,767 బిట్లకు ఒకసారి పునరావృతమవుతుంది. గంటసేపు నడిపితే 737 కోట్లకు పైగా బిట్లను తనిఖీ చేసినట్టు.

సొంత లూపు సవ్యంగా వచ్చినంత మాత్రాన క్లాక్ అమరిక సరైనదని అనుకోకూడదు. వెనక్కి తిరిగి వచ్చే బిట్లు తన క్లాక్‌తోనే ప్రయాణించినవి కాబట్టి తేడా బయటపడదు. క్లాక్ తప్పు తెలియాలంటే రెండు కొసలనూ కలిపి, ఎక్కువసేపు నడిపి స్లిప్పులను లెక్కపెట్టాలి. పరీక్ష ముగిశాక లూపు మీటను మళ్లీ ఆఫ్ చేయడం మరవకూడదు.

అలారం దీపాలు కూడా దారి చూపుతాయి. సంకేతమే లేదంటే తీగ తెగిందో, పంపే, అందుకునే కేబుళ్లు తారుమారయ్యాయో చూడాలి. అన్నీ ఒకట్లే వస్తున్నాయంటే దోషం ఆ ఒకట్లను పంపుతున్న యంత్రానికి అవతల ఉంది, ఆ యంత్రమే ఆ సంగతి చెబుతోంది. ఫ్రేము దొరకడం లేదంటే లైన్ కోడు, ఫ్రేము, సీఆర్‌సీ మీటలను పోల్చాలి. ఇక్కడ అంతా బాగుండి అవతలి కొస మొర పెడుతున్నట్టు దీపం వెలిగితే ఇక్కడి నుంచి వెళ్లే దారిని వెతకాలి.

రక్షణ రిలేలు, రైల్వే లైన్లు

ఫోన్లు, కార్యాలయాల లింకులు ఐపీ నెట్‌వర్కుల మీదికి మారిన తరువాత కూడా ఈ1, 64 కిలోబిట్ల లైన్లు నిలిచిన చోట్లున్నాయి. హై వోల్టేజి లైన్లకు రెండు కొసలా ఉండే రక్షణ రిలేలు క్షణక్షణం తమ కరెంటు కొలతలను ఒకదానికొకటి పంపుకుంటాయి. రెండు కొలతలు పొసగకపోతే నడుమ లైనులో దోషం ఉన్నట్టు గుర్తించి బ్రేకరును తెరుస్తాయి. శ్రీశైలం కుడిగట్టు జలవిద్యుత్ కేంద్రం, కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ కేంద్రం, ఓర్వకల్లు వైపు 1,000 మెగావాట్ల సోలార్ పార్కు, కర్నూలు సమీపంలోని 765 కిలోవోల్టుల సబ్‌స్టేషను ఉన్న ఈ ప్రాంతానికి ఇలాంటి రక్షణ ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. రిలేలు నేరుగా ఫైబరుతో కలిసినప్పుడు కాలాన్ని అవే ఇచ్చుకోవాలి. నడుమ పలు లైన్లను ఒకటిగా కలిపే మల్టీప్లెక్సరు ఉంటే రెండు రిలేలూ దాని క్లాకునే తీసుకోవాలి. పొరపాటున లూపు మిగిలిపోతే రిలే తన కొలతనే అవతలి కొలతగా చదివే ప్రమాదం ఉంది. అందుకే రెండు కొసలకు వేర్వేరు చిరునామాలు పెట్టి, తన చిరునామా తనకే తిరిగివస్తే దాన్ని తిరస్కరించే ఏర్పాటు చేస్తారు.

ముంబై, చెన్నైలను కలిపే రైలు దారి గుత్తి, కడప, రేణిగుంటల మీదుగా సాగుతుంది. రైల్వేలో స్టేషనుకూ స్టేషనుకూ నడుమ కంట్రోలు ఫోన్ల కోసం వాడే 30 చానెళ్ల ప్రైమరీ మల్టీప్లెక్సర్లు కూడా ఈ1 మీదే నడుస్తాయి. ఒక్కో స్టేషనులో తనకు కావలసిన స్లాట్లను దించుకుని, మిగిలినవాటిని ముందుకు పంపుతారు. ఒక స్టేషనులో స్లాటు అమరిక తప్పితే దాని తరువాతి స్టేషన్ల ఫోన్లు కూడా మూగబోతాయి.

సాఫ్ట్‌వేర్‌తో మార్చే అమరికలకు దూరం నుంచే సరిదిద్దే సౌలభ్యం ఉంది. మీటకు వేరే బలం ఉంది: కరెంటు పోయినా, మెమరీ చెరిగినా దాని స్థానం మారదు, నెట్‌వర్కు గుండా చొరబడిన వారెవరూ దాన్ని కదపలేరు. రక్షణ వ్యవస్థల్లో ఈ రెండు గుణాలూ విలువైనవే.

పని క్రమం

అమరిక మొదలుపెట్టే ముందు ఎక్స్ఛేంజీ నుంచి ఆరు సంగతులు రాతలో తీసుకోవాలి: తీగ రకం, లైన్ కోడు, ఫ్రేము ఉందా లేదా, సీఆర్‌సీ ఉందా లేదా, స్లాటు సంఖ్యలు, క్లాక్ ఎవరిది. పరికరంలో ఉన్న పాత స్థానాలను ఫొటో తీయాలి. కరెంటు ఆపి, మణికట్టుకు స్టాటిక్ పట్టీ కట్టుకుని కార్డును బయటికి తీయాలి. పుస్తకంలోని పట్టికను చూస్తూ ఒక్కో మీటనూ అమర్చి, మరొకరి చేత గట్టిగా చదివించి సరిచూడాలి. కార్డు బిగించి కరెంటు ఇచ్చాక లూపులు, ఆ తరువాత కొస నుంచి కొసకు దీర్ఘ పరీక్ష చేయాలి.

అమర్చిన స్థానాలను కార్డు మీద అంటించే చీటీలోనూ, రిజిస్టరులోనూ, అవతలి కొస రిజిస్టరులోనూ రాయాలి. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం నీట మునిగింది. అలాంటి విపత్తులో ఒక కొసలోని పరికరంతోపాటు చీటీ, రిజిస్టరు కూడా పోవచ్చు. అవతలి కొసన నకలు ఉంటే కొత్త పరికరాన్ని పెట్టె తెరిచిన వెంటనే అమర్చి లైనును లేపవచ్చు. ఏ కొస అమరికైనా అవతలి కొసతో కుదిరినప్పుడే పని చేస్తుంది కాబట్టి, ఆ రికార్డు కూడా రెండు కొసలా ఉండాలి.